ఉసిరికాయ తర్వాత నీళ్లు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. నాలుగేళ్ల పిల్ల కంచం ముందు కూర్చుని, నోట్లో ముద్ద పెట్టుకుని, నమలడం ఆపేసి, నా మొహంలోకి చూసి, "అమ్మమ్మా, ఇది నాకు నచ్చిందా?" అని అడిగితే కోపం రాని మనిషి ఎవరైనా ఉంటే తీసుకురండి, దండం పెడతాను. నచ్చిందో లేదో దాని నాలుకకు కదా తెలియాలి! నన్నడుగుతుందేమిటి? ఆ ముద్ద నేను నమల్లేదు కదా! ఈ పిల్ల మా నిత్య, నా కూతురు శ్రావణి బిడ్డ. మొన్నమొన్నటి దాకా దానికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. పచ్చిపులుసు తాగి "ఇది గిచ్చుతది" అనేది. పెరుగన్నం తింటూ "ఇది పండుకుంది" అనేది. మిరపకాయ బజ్జీ కొరికి, కళ్లనీళ్లు కారుతుంటే "ఇది ఉరుకుతుంది అమ్మమ్మా, పట్టుకో!" అని అరిచి, మళ్లీ ఇంకో ముక్క కొరికేది. అటువంటి పిల్ల నోటికి తాళం పడింది. వేసింది ఎవరో కాదు, బడివాళ్లు. ఎందుకు వేశారయ్యా అంటే, రుచులు నేర్పించడానికట! బొమ్మలు వేయించి మరీ నేర్పించారట!

మేముండేది అశోక్‌నగర్‌లో. ఇక్కడ ఇళ్ల కంటే కోచింగ్ సెంటర్లు, వాటి కంటే హాస్టళ్లు ఎక్కువ. పొద్దున పాలకు పోయినా, సాయంత్రం కూరగాయలకు పోయినా గోడల నిండా పరీక్షల పోస్టర్లే, టీ బండి దగ్గర నిలబడ్డ పిల్లల చేతుల్లో బిట్ల పుస్తకాలే. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి, ఒకటి ఎంచుకోవాలి. ఉద్యోగం కోసం ఊళ్లు వదిలి వచ్చిన పిల్లలు, వాళ్లకు తప్పదు, చదువుకోనీ. కానీ ఆ గాలి నారాయణగూడ దాకా పాకి, ఓ మేడ మీద నడిచే నర్సరీ బడిలో కూడా దూరుతుందని నేననుకోలేదు. ఆ బడిలో ఒకరోజు 'టేస్ట్ అండ్ ఆర్ట్ డే' చేశారు. పిల్లలకు చక్కెర, ఉప్పు, నిమ్మకాయ, ఉసిరికాయ తలా కాస్త పెట్టి, రంగులు చేతికిచ్చి బొమ్మలు వేయించారు. వినడానికి ఎంత బాగుంది! నేనూ సంబరపడ్డాను. శ్రావణి ఫోన్‌లో ఆ కబురు చదివి వినిపించినప్పుడు, "పోనీలే, ఇన్నాళ్లకు బడివాళ్లకు బుద్ధొచ్చింది" అని కూడా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మర్నాడు బడి నుంచి ఫోను. జర మాట్లాడాలె, ఇంటోళ్లు రావాలె అన్నారు. శ్రావణి ఆఫీసుకు సగం పూట సెలవు పెట్టింది. నేను చెప్పులేసుకుని వెంట నడిచాను, రావద్దన్నా వినలేదు. ప్రిన్సిపాల్ మేడం గది చల్లగా, ఏదో పూల వాసనతో ఉంది, పూలు మాత్రం లేవు. ఆమె ఒక కాగితం తీసి బల్ల మీద మా వైపు తిప్పింది. కాగితం మధ్యలో అచ్చు వేసిన ఉసిరికాయ గీత. దాని కింద నాలుగు మొహాలు: నవ్వేది, ఊరికే చూసేది, ఏడ్చేది, నాలుక బయటపెట్టి ఛీ అనేది. పిల్లలు ఉసిరి ముక్క నోట్లో వేసుకోవాలి, కాయకు ఆకుపచ్చ రంగు నింపాలి, ఏడ్చే మొహానికి టిక్కు పెట్టాలి. అంతే. రుచీ అయిపోయింది, కళా అయిపోయింది, పిల్లలకు రెండూ వచ్చేశాయి! మా నిత్య కాగితం అలా లేదు. కాయ లోపలంతా నల్లగా గీకి, ఆ కాయ చుట్టూ మొదలుపెట్టి కాగితం అంచుల దాకా నీలం పూసింది. నాలుగు మొహాలూ ఆ నీలంలో మునిగిపోయాయి. పైన మూలకు ఎర్ర పెన్నుతో పెద్ద ఇంటూ గుర్తు.

"పాప ఇన్‌స్ట్రక్షన్స్ ఫాలో అయితలేదు మేడం," అంది ప్రిన్సిపాల్ మేడం. "నడుమల్నే లేచింది, బ్యాగుల కాడికి పోయింది, బాటిల్ తీసి నీళ్లు తాగింది. మళ్లొచ్చి షీటంత నీలం పూసింది. ఉసిరికాయ నీలముంటదా చెప్పుండ్రి? ఒకసారి ఎవరికన్న చూపించుకోండ్రి."

"ఎవరికి చూపించాలె?" అన్నాను.

"పిల్లల డాక్టర్లుంటరు గద, ఇట్లాంటియి చూసేటోళ్లు. మేం మంచికే చెప్తున్నం."

"నీళ్లు తాగితే ఏమైందమ్మా?"

"అందరు లేచి తాగుతమంటే ఎట్ల మేడం? ఇంకా మస్తు షీట్లుంటయి, టైం ఉండొద్దా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ శ్రావణి మొహం చూసి ఊరుకున్నాను. డాక్టరు అన్న మాటకు నా కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు. మెట్లు దిగుతుంటే నిత్య వాళ్ల టీచరమ్మ వెనకాలే వచ్చింది. శ్రావణి కంటే చాలా చిన్నది, మా సందులోనే ఏదో హాస్టల్లో ఉంటుంది, పగలు బడి, సాయంత్రం గ్రూప్స్ కోచింగ్. "ఏమనుకోకుండ్రి అమ్మా," అంది గొంతు తగ్గించి. "మా ఊర్లె మేం గూడ ఉసిరికాయలు తిని బోరింగు కాడికి ఉరికేటోళ్లం. నీళ్లు మస్తు తియ్యగుండేటియి. పాప ఏం గీసిందో నాకు సమజైంది."

"సమజైతే ఇంటూ ఎందుకు కొట్టినవమ్మా?"

"షీట్లతోని జవాబుల కీ వస్తది అమ్మా. కీ ల ఏడుపు మొహమే ఉంది." ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. అలా రాయాలని ఉంది కానీ అబద్ధం, వచ్చింది. కాసేపటికి పోయింది. తెలిసిన రుచిని తెలియదని ఎర్ర పెన్నుతో కొట్టాల్సి వచ్చిన పిల్లను ఏమని తిడతాను? ఆ కీ తయారుచేసినవాడు ఎవడో వాడు దొరికితే బాగుండును.

ఇంటికొచ్చాక శ్రావణికీ నాకూ మాటా మాటా పెరిగింది. "అమ్మా, నీకు ప్రతిదానికి కోపమే. ఒకసారి చూపిస్తే ఏం పోతది? రేపు పెద్ద బడిల సీటియ్యమంటే నువ్వొచ్చి కొట్లాడుతవా?" అంది. "కొట్లాడుతా," అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని ఫోన్ తీసి సోమవారానికి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఇదంతా సోఫా వెనక కూర్చున్న నిత్య విన్నది. అప్పటి నుంచే మొదలైంది ఈ "నాకు నచ్చిందా?" రంగుల డబ్బా ముట్టుకోవడం మానేసింది. గీయవే అని బతిమాలితే, "ఏం రంగు వేయాలె, చెప్పు" అంటుంది. తన కళ్ల మీద, తన నాలుక మీద తనకే నమ్మకం పోయిన నాలుగేళ్ల పిల్ల ఎలా ఉంటుందో నేను మా ఇంట్లోనే చూశాను. డాక్టరుకు చూపించాల్సింది ఎవరిని?

ఆ నీలం కాగితాన్ని నేను చూడగానే చదవగలిగాను. అందులో నా గొప్పేమీ లేదు. అటువంటి బొమ్మల మధ్యే పెరిగాను. చిక్కడపల్లిలో గుడి వెనక సందులో మా కిరాయి ఇల్లు. వంటింట్లో నీలి బూడిదరంగు షాబాద్ బండలు, పొద్దునే కడిగితే మధ్యాహ్నం దాకా తడి వాసన వేసేవి. బొగ్గుల కుంపటి పొగ, ఇంగువ, పక్క సందులో కాఫీ గింజలు వేయించే వాసన, గుడి దగ్గరి పూల దుకాణాల నుంచి వచ్చే మరువం, అన్నీ ఆ వంటింట్లోనే కలిసేవి. ఆ వంటింటి ఏలిక మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి. శనివారం శనివారం ఆమె తలస్నానం చేసి, మడి కట్టుకుని, వేంకటేశ్వరస్వామికి నైవేద్యం వండేది. స్నానం అయినప్పటి నుంచి గంట మోగేదాకా ఆమె మాట్లాడదు. పొయ్యి దగ్గర ఇంకెవరూ నోరు విప్పకూడదు, తుంపర్లు పడతాయని. మడి కాబట్టి ఆమెను ముట్టుకోకూడదు. ఇక దేవుడికి పెట్టేది ఎంగిలి చేయకూడదు కాబట్టి ఉప్పు సరిపోయిందో లేదో ఆమె నోట వేసుకుని చూడకూడదు. మరి తెలిసేదెలా? దానికి బాపమ్మ సొంతంగా ఒక చట్టం చేసింది. పాలపళ్లు ఉన్నన్నాళ్లు పిల్లల నోటికి ఎంగిలి లేదు. ఏ శాస్త్రంలో ఉందని చుట్టాలు అడిగితే, "నా వంటింటి శాస్త్రంల ఉంది" అనేది.

అలా నేనూ, మా తమ్ముడు శీనూ బాపమ్మకు నాలుకలమయ్యాం. గిన్నెలోంచి చెంచాడు విడిగా తీసి, మోదుగాకు ముక్కలో మా ముందు పెట్టేది. పక్కన ఒక బొగ్గు, ఒక సుద్దముక్క, కాస్త పసుపు ముద్ద. మాట్లాడకూడదు కదా, అందుకని తిని బండ మీద గీయాలి. ఏం గీయాలో ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. నాకు ఉప్పంటే చుక్కలు. ఉప్పు సరిపోతే చుక్కలు దగ్గరదగ్గరగా కూర్చునేవి, ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. శీనుకు పులుపంటే కుక్క. పులుపు కుదిరితే కుక్కకు నాలుగు కాళ్లూ, తోకా ఉండేవి. చప్పగా ఉంటే తోక ఉండేది కాదు. మరీ ఎక్కువైతే దాని నోరు బండ చివరి దాకా తెరుచుకునేది. బాపమ్మ వంగి, తల ఓ పక్కకు వాల్చి, ఆ కుక్కనూ నా చుక్కలనూ చూసి, ఇంత చింతపండు పిండేది, లేకపోతే ఇంత బెల్లం వేసేది. గంట మోగాక, ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగేది: "ఇయ్యాల నీ కుక్కకు తోక ఎందుకు లేకుండెరా?" వాడు "ఉరకబుద్ధి కాలే బాపమ్మా దానికి" అనేవాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపేది. అది కుక్క కాదు, చింతపండు గీయరా అని అనలేదు. మౌనం లేని రోజుల్లో కూడా గీయించేది ఎందుకని ఒకసారి అడిగాను. "నోటితోని అడిగితె మీరంత నా మొఖం చూసి మంచిగుంది అంటరు. గీయమంటె నన్ను మర్చిపోతరు" అంది. ముందు పన్ను ఊడిన శనివారం నన్ను ఆ పని నుంచి తీసేశారు. రోజంతా ఏడ్చాను.

మా ఇంట్లోనూ కీ పట్టుకు తిరిగే మనిషి ఒకడు లేకపోలేదు. మా పెదనాన్న కోఠి దగ్గర ఒక బడిలో డ్రాయింగు మాస్టరు. ఇస్త్రీ చొక్కా, చెవి మీద పెన్సిలు. నా పళ్లు ఇంకా ఊడని రోజుల్లో ఒక శనివారం ఆయన తన హెడ్మాస్టరుగారిని భోజనానికి పిలిచాడు. ఆ కంగారులో బాపమ్మ పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేసింది. నా చుక్కలు ఎక్కీ ఎక్కీ సగం బండను నింపేశాయి. ఆమె తులసి దళాలకని పెరట్లోకి పోయిన సమయంలో పెదనాన్న వంటింట్లోకి తొంగిచూశాడు. "ఏందే ఈ చుక్కలు, ఈ కుక్కలు? దేవుని వంటకాడ ఈ గలీజేంది? బొమ్మంటె ఇట్లుంటదా?" అని తడిగుడ్డతో అంతా తుడిచేసి, చెవి మీది పెన్సిలు వదిలి మా సుద్దముక్కే తీసుకుని, చింతకాయ గీశాడు. ఎంత చక్కటి చింతకాయో! కణుపు కణుపూ కనిపించేట్టు, నీడతో సహా. "చూసి నేర్చుకోండ్రి" అన్నాడు. బాపమ్మ తిరిగొచ్చింది. బండ మీద చుక్కల్లేవు, కుక్క లేదు, అందమైన చింతకాయ ఉంది. మమ్మల్ని చూసింది. మేం మాట్లాడకూడదు, ఆమెను ముట్టుకోకూడదు. నేను కళ్లు పెద్దవి చేశాను, శీను ఎగిరాడు. గుమ్మంలో పెదనాన్న నోటి మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. బాపమ్మ అంతా బాగానే ఉందనుకుని పళ్లెంలో పెట్టేసింది. గంట మోగింది. మేం పరుగెత్తుకొచ్చి చెప్పే లోపు వడ్డన అయిపోయింది. హెడ్మాస్టరుగారు ఒక ముద్ద తిని ఒక చెంబు నీళ్లు తాగారు, ఇంకో ముద్ద తిని ఇంకో చెంబు. పెదనాన్న మింగలేక కక్కలేక, "మంచిగుంది అమ్మా" అన్నాడు. అప్పటికి మేం బాపమ్మకు సంగతంతా చెప్పేశాం. ఆమె విస్తరి ముందు నిలబడి, "చింతకాయ మస్తు గీసినవు నాయినా. అండ్ల ఉప్పెంతుందో చెప్పకపోతివి గద" అంది. ఆ తర్వాత ఆయన వంటింటి గుమ్మం దాటలేదు.

బాపమ్మను దేవతను చేస్తున్నాననుకోకండి. ఆమె మీద కూడా నాకు కోపం ఉంది, ఇప్పటికీ చల్లారలేదు. అదే వంటింట్లో, అదే కుంపటి ముందు మా అమ్మ కూడా ఉండేది. కూరగాయలు కోసేది, రుబ్బేది, తోమేది, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేది. మా నాలుకలను అంత మర్యాదగా అడిగిన బాపమ్మ తన కోడలి నాలుకను ఒక్క నాడూ అడగలేదు. పిల్లల నోటికి ఎంగిలి లేదు, కోడలికి నోరే లేదు! అమ్మ ముసలిదయ్యాక, నా దగ్గరే ఉంటున్నప్పుడు, నేనొకసారి అడిగాను: "అమ్మా, నీకేం తినబుద్ధవుతుంది? ఏం చేయమంటావు?" ఆమె తికమకపడి నా మొహంలోకి చూసింది. "నాకేం ఇష్టమే? నువ్వే చెప్పు" అంది. ఆ చూపు నేను మర్చిపోలేదు. మొన్న కంచం ముందు నిత్య చూసింది అచ్చం అదే చూపు. మా అమ్మ నాలుకను అలా మూయించడానికి ఒక పెద్ద కుటుంబానికి ఒక బతుకంతా పట్టింది. నారాయణగూడలో ఆ బడివాళ్లకు ఒక్క పూట సరిపోయింది. అమ్మ సంగతిలో నేను ఆలస్యంగా వచ్చాను. ఈ పిల్లను మాత్రం వదిలేది లేదనుకున్నాను.

చిక్కడపల్లి ఇల్లు ఎప్పుడో పోయింది. అక్కడిప్పుడు మగపిల్లల హాస్టలు. కిటికీకో తువ్వాలు, మంచానికో పుస్తకాల కట్ట, మధ్యాహ్నమైతే నీళ్ల సాంబారు వాసన. ఇల్లు పడగొట్టే రోజున నేను పోయి వంటింటి బండ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ఆటో అతను "దీన్ని ఏం చేస్తరు అమ్మా?" అని నవ్వాడు, శ్రావణి నవ్వలేదు, ఇంట్లో జాగా లేదని విసుక్కుంది. ఇన్నాళ్లూ అది బాల్కనీలో కరివేపాకు కుండీ కింద పడి ఉంది. ఆదివారం పొద్దున కుండీ పక్కకు జరిపి, బండను బరబరా కడిగాను. తడి వాసన లేచింది, అదే వాసన. బొగ్గు, రంగురంగుల సుద్దముక్కలు, పసుపు ముద్ద పెట్టాను. బొగ్గు కోసం ఇస్త్రీ బండి అన్నను బతిమాలాను, ఈ కాలంలో బొగ్గు ఇంకెక్కడ దొరుకుతుంది! ఉసిరికాయ ముక్కలు ఒక పళ్లెంలో, నీళ్లు ఒక గ్లాసులో. నిత్యను పిలిచి కూర్చోబెట్టాను.

"ఏందమ్మా ఈ బండ?" అంటూ శ్రావణి ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చింది.

"జరసేపు మాట్లాడకు. బాల్కనీల ఎవరు మాట్లాడొద్దు," అన్నాను. నేను కూడా నోరు మూసుకున్నాను. నా నోరు నేను మూసుకోవడం ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్లకు తెలుసు.

నిత్య ముక్క చేతిలోకి తీసుకుంది. "ఏం రంగు వేయాలె?" అంది. నేను పలకలేదు. కొరికింది. మొహం ముడుచుకుపోయింది, ఒక కన్ను మూతపడింది, భుజాలు చెవుల దాకా లేచాయి. వాళ్లమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "అమ్మమ్మా, ఇది నాకు నచ్చిందా?" నా మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతోంది. బాపమ్మ అన్నది గుర్తొచ్చి నేను మొహం వీధి వైపు తిప్పేసుకున్నాను. కింద పిల్లలు టిఫిన్ బండి చుట్టూ గుమిగూడి ఉన్నారు, వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. "నీళ్లు తాగొచ్చా?" అంది వెనక నుంచి. పలకలేదు. గ్లాసు ఎత్తిన చప్పుడు. గుటక. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇక గీయదు, నా వల్ల కాలేదు అనుకున్నాను. అప్పుడు బండ మీద బొగ్గు గీకుతున్న చప్పుడు వచ్చింది.

తిరిగి చూస్తే, బండ మధ్యలో నల్లటి ముద్ద, దాని చుట్టూ నీలం సుద్ద. నీలం బండంతా పాకి, అంచు దాటి, నేల మీది నున్నటి టైల్స్ మీదికి కూడా పోతోంది. అక్కడ అంటకపోతే ఇంకా గట్టిగా రుద్దుతోంది. శ్రావణి ఎప్పుడు కూర్చుందో, పక్కనే నేల మీద కూర్చుని ఉంది. పళ్లెంలోంచి ముక్క తీసుకుని నమిలి, మొహం వంకర పెట్టి, నిత్య మిగిల్చిన నీళ్లు తాగింది. "అరే, నిజంగనే తియ్యగున్నయి గద! నేను మర్చేపోయిన," అంది. తర్వాత మళ్లీ ఆమె మొహంలోకి ఆ దిగులు వచ్చింది. బిడ్డ తల నిమురుతూ మెల్లగా అడిగింది: "మరి నిత్యా, టీచర్ దీనికి ఏడుపు మొహం అన్నది గద?"

నిత్య తల ఎత్తలేదు, చేయి ఆపలేదు.

"టీచర్ నీళ్లు తాగలే మమ్మీ," అంది. "తాగుంటే ఆమె గూడ నీలమే వేస్తుండె."